చిక్కుముడి వేసినవారే విప్పితే: అపరాధ పరిశోధక రచయితల ఆత్మవిమర్శ (1846–1944)

ప్రవేశిక

ఒక సాహిత్యప్రక్రియకు లక్షణాలను నిర్దేశించడం సాధారణంగా విమర్శకుల పని. ఆంగ్ల అపరాధ పరిశోధక సాహిత్యంలో మాత్రం ఆ పనిని చాలావరకు రచయితలే నిర్వహించారు. తమ రచనల గురించి వారు రాసిన లేఖలను, పీఠికలను, వ్యాసాలను కాలక్రమంలో పరిశీలిస్తే, అవి ఒకే ప్రశ్నకు వేర్వేరు కాలాలలో లభించిన సమాధానాలుగా కనిపిస్తాయి.

పో సందేహం

ఆ ప్రశ్న వేసినవారు ఈ ప్రక్రియకు ఆద్యులుగా పేరొందిన ఎడ్గార్ అలన్ పో. 1841లో ‘ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్’ కథ ద్వారా డ్యూపిన్ అనే తార్కికుణ్ణి సృష్టించిన ఆయన, 1846లో ఫిలిప్ పెండిల్టన్ కుక్‌కు రాసిన లేఖలో తన కీర్తినే శంకించారు. విప్పడానికే అల్లిన వలను అల్లినవారే విప్పితే అందులో ప్రతిభ ఏమున్నదని ఆయన సందేహం. పాత్ర తెలివిని పాఠకులు రచయిత తెలివిగా భ్రమిస్తున్నారని ఆయన భావించారు.

నియమాల కాలం

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బ్రిటిష్ రచయితలు రూపొందించిన నియమాలలో, వారి ఉద్దేశం ఏదైనా, ఈ సందేహానికి ఒక సమాధానం ఉంది. 1926లో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ వెలువడినప్పుడు, కథ చెప్పే పాత్రే కీలకాంశాన్ని దాచడం న్యాయమా అన్న వివాదం రేగింది. డొరొతీ సేయర్స్ క్రిస్టీ పక్షాన నిలిచారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ మతాచార్యులు పది నియమాలను ప్రకటించారు. పరిశోధకుడికి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ తెలియాలన్నది వాటిలో ఒకటి. 1930లో లండన్‌లో చెస్టర్టన్ తొలి అధ్యక్షులుగా ఏర్పడిన ‘డిటెక్షన్ క్లబ్’ సభ్యులు, ముఖ్యమైన ఆధారాన్ని దాచబోమని ప్రమాణం చేసేవారు. ఆధారాలన్నీ ముందే పాఠకుడి చేతికందితే, ముడి విప్పే అవకాశం అతనికీ లభిస్తుంది. పో సందేహానికి ఇది తొలి సమాధానం.

సేయర్స్, చాండ్లర్

ఈ ప్రక్రియ అత్యున్నత సాహిత్యస్థాయిని అందుకోలేదని సేయర్స్ 1928లో ఒక సంకలనపు పీఠికలో అభిప్రాయపడ్డారు. అయితే 1935లో ఆమె రాసిన ‘గాడీ నైట్’లో హత్యే లేదు. మేధాపరమైన నిజాయితీ ఆ నవలకు ఇతివృత్తం. 1937 నాటి వ్యాసంలో ఆమె కథను, ఇతివృత్తాన్ని ఏకం చేయడానికి తాను చేసిన ప్రయత్నాన్ని వివరించారు. ముడి పాత్రల స్వభావం నుండే పుట్టాలన్నది ఈ రెండవ సమాధానపు సారాంశం.

1944లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో రేమండ్ చాండ్లర్ మూడవ సమాధానం చెప్పారు. ఎ. ఎ. మిల్న్ నవల ‘ది రెడ్ హౌస్ మిస్టరీ’లో శవాన్ని గుర్తించే ప్రక్రియ, మరణ విచారణ ఎంత అసహజంగా ఉన్నాయో చూపి, పింకర్టన్ సంస్థలో పనిచేసిన అనుభవమున్న డాషియెల్ హామెట్‌ను ఆదర్శంగా నిలిపారు. ఆయన దృష్టిలో నేరం రచయిత పన్నే పజిల్ కాదు. అవినీతి నిండిన సమాజం నుండి పుట్టేది.

ముగింపు

చాండ్లర్ తన వ్యాసంలో ఖండించినది సేయర్స్ 1928 నాటి మాటను. అప్పటికే ఆమె తన నవలల ద్వారా ఆ మాటను దాటి వచ్చారు. రచయిత తన రచన గురించి చెప్పే మాట తన మార్గాన్ని సమర్థించుకునే వాదన కూడా. చాండ్లర్ మాటా దీనికి మినహాయింపు కాదు. కనుక సాహిత్యచరిత్రకారుడు ఇటువంటి వ్యాఖ్యలను లక్షణసూత్రాలుగా కాక, తేదీ ఉన్న సాక్ష్యాలుగా స్వీకరించి, ఆయా రచయితల నవలల పక్కన ఉంచి పరిశీలించవలసి ఉంటుంది.