జీతం లేని నాయకులు, లెక్క రాసే పిల్లలు

1950 నవంబరు 7న పుట్టిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు 2025 నవంబరుకు 75 ఏళ్లు. ఏటా ఆ రోజున బడిపిల్లలు చొక్కా జేబు మీద చిన్న జెండా స్టిక్కర్ అంటించుకుని ఇంటికి వస్తారు. స్టిక్కర్ కోసం ఇచ్చిన డబ్బులు సంస్థ నిధికి పోతాయి. స్కౌట్ల గురించి రాసేవాళ్లు కవాతు, క్యాంప్‌ఫైర్, సేవ గురించి చాలానే రాశారు. స్కౌట్ దళాన్ని జీతం లేకుండా నడిపేది ఎవరు, ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది, పిల్లవాడు మెట్టు ఎక్కడమంటే ఏమిటి అన్న సంగతులు మాత్రం వెనకబడిపోయాయి. సిద్దిపేట జిల్లాలోని చిన్నకోడూరు లాంటి మండల కేంద్రంలో ఒక దళం నిలబడుతుందా కూలుతుందా అన్నది ఈ మూడింటి మీదే తేలుతుంది.

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్లకు జీతం లేని పని కొత్త కాదు. కాకతీయుల నాటి నుంచీ ఇక్కడి బతుకు చెరువు మీదే ఆధారపడింది. కట్ట తెగితే మట్టి మోయడానికి ఇంటికొకరు రావడం ఊరి కట్టుబాటు. ఆ తర్వాతి శతాబ్దాల్లో ఇష్టంగా చేసే ఈ పని పక్కనే, బలవంతంగా చేయించే వెట్టి పెరిగింది. దొర గడీకి నీళ్లు మోయడం, అధికారి వస్తే సామాను తలకెత్తుకోవడం, బండి కట్టడం, పండక్కి కుండలు, చెప్పులు ఊరికే ఇచ్చిరావడం అందులోవే. నిజాం రాజ్యంలో ఆంధ్ర జనసంఘం, దాని వెనక వచ్చిన ఆంధ్ర మహాసభ ఈ వెట్టిని ఎదిరించాయి. మహాసభ తొలి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగింది. ఆ జోగిపేట, సిద్దిపేట అప్పట్లో ఒకే మెదక్ జిల్లాలోవి. సభ పెట్టాలంటే అనుమతి అడగాల్సిన గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు కాలం అది. పదిమంది యువకులు సొంతంగా ఒక సంఘం కట్టుకోవడమే సాహసం. పట్టణ పాఠశాలల్లో స్కౌట్ దళాలు ఉండేవి గానీ పల్లెకు అవి చాలా దూరం.

ఈ నేపథ్యం గుర్తుంటేనే స్వచ్ఛంద సేవ విలువ తెలుస్తుంది. వెట్టికీ కూలి లేదు, సేవకూ కూలి లేదు. కాదనగలిగే స్వేచ్ఛ ఉన్న చోటే అది సేవ అవుతుంది. డబ్బు ఎక్కడిది, ఎటు పోయింది అని అడిగే హక్కు కూడా ఆ స్వేచ్ఛలో భాగమే.

స్కౌటింగ్ కథ మొదటి రోజు నుంచే డబ్బు లెక్కతో ముడిపడి ఉంది. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇరవై మంది దాకా పిల్లలతో శిబిరం వేశాడు. ఈటన్, హ్యారో లాంటి సంపన్నుల బడుల పిల్లలూ, పూల్, బోర్న్‌మత్ పట్టణాల కార్మికుల పిల్లలూ ఒకే డేరాల్లో పడుకున్నారు. రుసుము మాత్రం ఒకటి కాదు. ధనవంతుల పిల్లలకు ఒక పౌండు, మిగతావాళ్లకు మూడున్నర షిల్లింగులు. శిబిరానికి 55 పౌండ్ల పైచిలుకు ఖర్చయింది. రుసుములూ విరాళాలూ కలిపినా 24 పౌండ్లకు పైగా లోటు తేలింది. శిబిరానికి ఇద్దరు కొడుకులను పంపిన శాక్సన్ నోబుల్ అనే తండ్రి ఆ లోటు భరించాడు. ప్రపంచమంతా పాకిన ఉద్యమం ఒక తండ్రి జేబు సాయంతో మొదటి మెట్టు దాటింది. శక్తిని బట్టి రుసుము, లోటు పడితే పెద్దవాళ్ల పూచీ అన్న ఆ ఏర్పాటు నూటపదేళ్లు దాటినా పాతబడలేదు. ఏ ఊరి దళానికైనా ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు.

బేడెన్ పావెల్ పిల్లవాడి జేబును కూడా వదల్లేదు. తొలి నియమాల ప్రకారం సెకండ్ క్లాస్ స్కౌట్ కావాలంటే మిగతా పరీక్షలతో పాటు సేవింగ్స్ బ్యాంకులో కనీసం ఆరు పెన్నీలు ఉండాలి. ఫస్ట్ క్లాస్‌కు ఒక షిల్లింగు. ముడులు వేయడం, మంట రాజేయడం వచ్చినంత మాత్రాన మెట్టు దక్కదు, సొంతంగా కూడబెట్టింది కూడా చూపించాలి. ఇవాళ మన స్కౌట్ నియమాలు తొమ్మిదిలో ఎనిమిదోది పొదుపు గురించే.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో బెంగళూరు మీదుగా వచ్చింది. మొదట అది తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. భారతీయుల పిల్లలకు తలుపు తెరవకపోవడంతో 1916లో మద్రాసులో అనీబిసెంట్, జార్జ్ అరండేల్ వేరే సంఘం పెట్టారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. 1921లో బేడెన్ పావెల్ వచ్చినప్పుడు బిసెంట్ సంఘం అసలు సంస్థలో కలిసింది. సేవాసమితి కలవలేదు. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టుడు ఆ సేవాసమితి కుంజ్రూనే. తెలంగాణతో ఆయన బంధం మనవాళ్లకు పెద్దగా తెలియదు గనుక కొంచెం ఆగి చెప్పాలి.

1915లో హరిద్వార్‌లో కుంభమేళా. గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ అక్కడికి పెద్ద వాలంటీరు దళాన్ని పంపింది. దానికి నాయకుడు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల కుంజ్రూ. వైద్యుడు డాక్టర్ దేవ్. దక్షిణాఫ్రికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన గాంధీ, ఫీనిక్స్ ఆశ్రమంలో తనతో ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని ఆ దళానికి సాయంగా వెళ్లారు. లక్షల జనం. మరుగుదొడ్ల కోసం డాక్టర్ దేవ్ గుంటలు తవ్వించారు, వాటిని చూసుకోవడానికి కూలికి పాకీవాళ్లను పెట్టాల్సి వచ్చింది. మలం మీద మట్టి కప్పి పారబోసే ఆ పని మా జట్టు చేస్తుందని గాంధీ ముందుకొచ్చారు, డాక్టర్ దేవ్ సంతోషంగా ఒప్పుకున్నారు. గాంధీ తన ఆత్మకథలో ఈ సంగతంతా రాసుకున్నారు. కులం పేరుతో కొందరి నెత్తిన రుద్దిన పనిని చదువుకున్న యువకులు అడిగి తీసుకున్నారు. వెట్టి చూసిన ప్రాంతంలో కూర్చుని ఈ ఘట్టం చదివితే దాని బరువు ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ మేళా తర్వాత కొన్నేళ్లకే సేవాసమితి స్కౌట్లు వచ్చారు. మేళాల్లో తప్పిపోయిన పిల్లలను ఇంటివాళ్లకు అప్పగించడం, తొక్కిసలాట కాకుండా తాళ్లు పట్టుకుని నిలబడడం, జ్వరమొచ్చినవాళ్లను మోసుకెళ్లడం వాళ్ల పని. 1937లో ఢిల్లీలో జరిగిన జంబోరీ (స్కౌట్ల మహాసమ్మేళనం) తర్వాత భారతీయుల గురించి బేడెన్ పావెల్ అన్న మాటలు నొప్పించాయి. మరుసటి ఏడే హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది, ముందు నడిచినవాళ్లలో కుంజ్రూ ఒకరు. స్వాతంత్ర్యం వచ్చాక మౌలానా ఆజాద్ చొరవతో అన్ని పాయలూ ఒక్కటై 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఆడపిల్లల విభాగమైన గైడ్లు 1951 ఆగస్టు 15న వచ్చి చేరారు. కొత్త సంస్థకు తొలి జాతీయ కమిషనర్ కుంజ్రూ. అది కూడా జీతం లేని పదవే.

ఆ సంస్థ తొలి జాతీయ జంబోరీకి ఎంచుకున్న ఊరు మన హైదరాబాద్. 1953. నిజాం ఇంకా రాజప్రముఖ్, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. పోలీసు చర్య జరిగి అయిదేళ్లే అయింది, సాయుధ పోరాటం ఆగి రెండేళ్లు. అలాంటి గాయాల మీద ఉన్న నేలకు దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి డేరాలు వేశారు. అదే ఏడాది డిసెంబరులో నెహ్రూ ప్రభుత్వం రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌ను ప్రకటించింది. అందులో ముగ్గురే సభ్యులు: ఫజల్ అలీ, కె.ఎం. పణిక్కర్, మూడోవారు ఈ హృదయనాథ్ కుంజ్రూ. 1955లో ఆ కమిషన్ తెలంగాణ జిల్లాలను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచమని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమని చెప్పింది. ఢిల్లీ ఆ మాట వినలేదు. 1956 నవంబరు 1న రెండూ కలిశాయి. సిద్దిపేట గడ్డ మీద తెలంగాణ ఉద్యమ సభలకు వెళ్లిన ప్రతివాడూ ఫజల్ అలీ కమిషన్ పేరు విన్నాడు. దాని నివేదిక మీద సంతకం పెట్టినవారిలో ఒకరు పిల్లల దళాలకు కమిషనర్ అని చెప్పుకున్నవాళ్లు అరుదు. జనాన్ని అడగందే కలపొద్దన్న ఆ సిఫారసులో నాకు పాత వాలంటీరు బుద్ధే కనిపిస్తుంది. 1968లో భారతరత్న ఇస్తామంటే ఆయన వద్దన్నారు. గణతంత్రంలో ఇలాంటి బిరుదులు ఉండకూడదని రాజ్యాంగ సభ రోజుల నుంచీ ఆయన వాదన.

ఇక ఊరి దళానికి వద్దాం. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు ఆరుగురి నుంచి ఎనిమిది మంది కలిస్తే ఒక పెట్రోల్. అలాంటివి కొన్ని కలిస్తే ట్రూప్. ప్రతి పెట్రోల్‌కూ ఒక లీడర్ ఉంటాడు, అతనికి తోడు ఒకడు. సామాను చూసుకునేది క్వార్టర్ మాస్టర్, డబ్బు చూసుకునేది ట్రెజరర్. వీళ్లంతా పిల్లలే. శిబిరానికి బయల్దేరే ముందు రాత్రి ఆ చిన్న ట్రెజరర్ పని చూడాలి. తలకు ఎంత చొప్పున వసూలైంది, ఎవరివి బాకీ ఉన్నాయి, బియ్యం ఇంటి నుంచి తెచ్చేవాళ్లెందరు, పప్పు, నూనె, ఉల్లిగడ్డ సిద్దిపేటలో కొనాలా ఊళ్లో దుకాణంలోనా, కిరాయి ఆటోకా బస్సుకా అన్నీ నోటుబుక్కులో గీతలు గీసి రాసుకుంటాడు. తిరిగొచ్చాక పెట్రోల్ లీడర్లంతా కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో ఆ లెక్క చదవాలి. స్కౌట్ మాస్టర్ సలహా చెబుతాడు, నిర్ణయం పిల్లలది. పన్నెండేళ్లవాడు పదిమంది ముందు నిలబడి మిగిలిన నలభై రూపాయలకు లెక్క చెప్పడం కంటే మంచి పౌరశాస్త్రం పాఠం నాకు తెలియదు.

ఆ డబ్బు సంపాదించుకునే దారి కూడా ఉంది. స్కౌట్లు దాన్ని ఖరీ కమాయి అంటారు. చందా అడగకుండా పనిచేసి సంపాదించడం. సైకిళ్లు తుడవడం, తోటపని, పాత కాగితాలతో కవర్లు చేసి అమ్మడం, బడి పండగరోజు చిరుతిళ్ల దుకాణం పెట్టడం. పని చేయించుకుని పైసా ఇవ్వని చరిత్ర ఉన్న ఊరి పిల్లలకు, చేసిన పనికి డబ్బు అడగడం తప్పు కాదని చెప్పే చదువు ఇది.

మెట్లు ఇలా ఉంటాయి. ప్రవేశ్, ఆపైన ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, తర్వాత రాజ్య పురస్కార్, చిట్టచివర రాష్ట్రపతి అవార్డు. ఒక్కో మెట్టుకు నెలల తరబడి సాధన కావాలి. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, వంట, కాలినడక ప్రయాణం, సేవ. పెద్దలకూ మెట్లున్నాయి. బేసిక్ శిక్షణ, అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత హిమాలయ వుడ్ బ్యాడ్జ్. దాని గుర్తుగా మెడలో తోలు తాడుకు రెండు చిన్న చెక్క పూసలు. వాటి కోసం టీచర్లు సెలవులు వదులుకుంటారు. ప్రభుత్వ బడుల్లో దళాన్ని నడిపేది సాధారణంగా ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో. పాఠం చెప్పినందుకే వాళ్ల జీతం, స్కౌట్ మాస్టర్‌గా, గైడ్ కెప్టెన్‌గా చేసే పనికి ఏమీ రాదు. ఆదివారాలు, యూనిఫాం కొనలేని పిల్లవాడి స్కార్ఫ్, రైల్లో మర్చిపోయిన టికెట్ డబ్బులు, ఇవన్నీ చాలాసార్లు వాళ్ల మీదే పడతాయి. ఆ ఖర్చుకు ఎక్కడా పద్దు ఉండదు.

దగ్గరి కాలానికి వచ్చేసరికి వరుస చెదురుతుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో తెలంగాణ వచ్చింది, స్కౌట్ సంస్థ కూడా విడివడింది. మరుసటి ఏడు అప్పటి నిజామాబాద్ ఎంపీ కల్వకుంట్ల కవిత రాష్ట్ర చీఫ్ కమిషనర్ అయ్యారు. 2016లో సిద్దిపేట జిల్లా అయింది, జిల్లా సంఘాలు మళ్లీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. హిందుస్థాన్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పేరుతో మరో సంస్థ కూడా దేశంలో పనిచేస్తోంది, ఎవరి సర్టిఫికెట్ చెల్లుతుందో తెలియక తల్లిదండ్రులు తికమకపడుతున్నారు. పక్కనే ఎన్‌సీసీ ఉంది, దానికి రక్షణ శాఖ డబ్బు, యూనిఫాం, అధికారులు. స్కౌట్ దళానికి నమోదు రుసుము కూడా పిల్లల దగ్గరే వసూలు చేయాలి.

అన్నిటికంటే పెద్ద మార్పు రైల్వే ఉద్యోగాలతో వచ్చింది. రైల్వేలు స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటాలో కొన్ని నియామకాలు చేస్తాయి. రాష్ట్రపతి అవార్డో హిమాలయ వుడ్ బ్యాడ్జో ఉండాలి. పేదింటి పిల్లవాడికి అది నిజమైన ఆశ, దాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే మెట్టు విలువ ఉద్యోగంతో తూగడం మొదలయ్యాక, శిబిరం చేయకుండా కాగితం మీద మెట్లు ఎక్కించే ప్రలోభం కూడా వస్తుంది. అది జరిగిన చోట మొదట మాయమయ్యేది పిల్లల నోటుబుక్కు, ఎందుకంటే జరగని శిబిరానికి లెక్క ఉండదు.

రెండో దెబ్బ బదిలీ. శిక్షణ పొందిన టీచరుకు వేరే మండలం పడితే దళం ఆ ఏడాదితో సరి. నమోదు తప్పుతుంది, డేరా తాళ్లు స్టోర్ రూములో ఎలుకల పాలు, తృతీయ సోపానం దగ్గర ఉన్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఒక మనిషి ఓపిక మీద దళాన్నంతా నిలబెట్టడమే ఇందులోని లోపం. నిజానికి సంస్థలో దీనికి విరుగుడు ఉంది. బడి దాటినవాళ్లు ఇరవై అయిదేళ్ల దాకా రోవర్లుగా, రేంజర్లుగా కొనసాగవచ్చు. బడితో సంబంధం లేకుండా ఊరి పేరుతోనే ఓపెన్ గ్రూపు పెట్టుకోవచ్చు. అప్పుడు నాయకత్వం పాత స్కౌట్ల చేతికి వస్తుంది, లెక్కలు తల్లిదండ్రులున్న గ్రూపు కమిటీ ముందుకు వస్తాయి.

చిన్నకోడూరు మండలంలో ఇప్పుడు శిబిరానికి చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు. చంద్లాపూర్ దగ్గర మూడు టీఎంసీల రంగనాయక సాగర్ 2020 ఏప్రిల్‌లో నిండడం మొదలైంది. గుట్టలు, కట్ట, నీళ్లు, పక్షులు అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. నీటి దగ్గర పిల్లలను పెట్టుకుని శిబిరం వేయాలంటే ఈత వచ్చినవాళ్లు, ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు, శిక్షణ పొందిన ఇద్దరు పెద్దలు తప్పనిసరి. ఆ ఇద్దరిలో ఒకరు టీచరైనా, ఇంకొకరు ఊళ్లోనే ఉండే మనిషి కావాలి, వ్యవసాయం చేసుకునేవారో దుకాణం నడిపేవారో, ఒకప్పుడు స్కౌట్ యూనిఫాం వేసుకుని జెండా కింద మాట ఇచ్చినవారో.