దారిబత్తెం



మంగినపూడి పరిసరాలలో నేడు కొత్త ఓడరేవు నిర్మాణం జరుగుతున్నది. పదిహేడవ శతాబ్దంలో ఈ బందరే గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. ఇక్కడి నుండి ఎర్రసముద్రపు మోఖాకు సాగిన ఓడలలో వస్త్రాలతోపాటు హజ్ యాత్రికులూ వెళ్ళేవారు. గాలి దిశ మారేవరకు ఓడ తిరిగి రాదు కనుక ప్రయాణమంటే నెలల తరబడి పరదేశవాసమే. హజ్ విధి కావడానికి మన ధర్మవేత్తలు ‘జాద్’, ‘రాహిలా’, అనగా దారిబత్తెమూ వాహనమూ ఉండాలన్నారు. ఆ బత్తెం పోవడానికి సరిపోతే చాలదు. తిరిగి వచ్చేవరకు తనకూ, ఇంట విడిచివచ్చిన ఆలుబిడ్డలకూ సరిపోవాలి.

1869లో సూయజ్ కాలువ తెరుచుకొని ఆవిరి ఓడలు పెరిగాక, పోవు టికెట్టు మాత్రమే చేతబట్టుకొని బయలుదేరిన నిరుపేదలెందరో జిద్దాలో చిక్కుబడ్డారు. రోగమూ ఆకలీ కలిసి వచ్చేవి. తుదకు 1925లో ఆంగ్ల ప్రభుత్వం తిరుగు టికెట్టు గాని, దానికి సరిపడు డిపాజిట్టు గాని తప్పనిసరి చేసింది. చట్టం పరపాలకులదే అయినా, అందలి షరతు మేము మద్రసాలో చదివిన ఫిఖ్హ్‌లోనిదే. మక్కాలో నిజాముల రుబాత్‌లు యాత్రికులకు ఉచిత బస ఇచ్చాయి గాని, అవి పాత హైదరాబాదు సంస్థానం వారికే. మన కృష్ణాతీరం ఆ లెక్కలోనిది కాదు.

నేడు బందరు, గుడివాడ, అవనిగడ్డల నుండి తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల వద్దకు వెళుతున్నారు. ఆ సందర్శక వీసాకు బీమా నిర్బంధం కాదు. అక్కడ గుండెపోటు వస్తే ఆసుపత్రి బిల్లు లక్ష డాలర్లు దాటవచ్చు. 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన గల్ఫ్ వంటి దేశాలకు పోవు కార్మికులకే గాని వీరికి వర్తించదు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి రాయబార కార్యాలయాలు అత్యవసర వైద్యానికి సాయపడగలవు, అదీ ఆర్థిక స్థితిని విచారించిన మీదట. ఇక మిగిలేది ఫోనులో తిరిగే చందా విజ్ఞప్తి.

ముందుజాగ్రత్త పడలేదని రోగిని నిందిస్తూ చేయి ముడుచుకొనుట మాకు సమ్మతం కాదు. స్వగ్రామంలో ఆస్తి ఉన్నా, దారిలో నిస్సహాయుడైన బాటసారికి జకాత్‌లో వాటా ఉన్నది. అయితే అడుగుటకూ హద్దులున్నాయి. ఇతరుల అప్పుకు పూచీపడి సాయం కోరివచ్చిన హజ్రత్ ఖబీసా (రజి.) గారితో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అడుగదగిన వారు ముగ్గురేనని సెలవిచ్చారు: పూచీపడినవాడు, విపత్తులో సొత్తు పోయినవాడు, లేమికి లోనయ్యాడని తనవారిలో వివేకవంతులైన ముగ్గురు సాక్ష్యమిచ్చినవాడు. అవసరం తీరగానే ఆపివేయాలనీ ఆదేశించారు.

ఆ ముగ్గురు సాక్షులను నేటి చందాలలో వెదకవలసి ఉన్నది. బిల్లు ఎంత, సొమ్ము ఎవరి ఖాతాకు పోతున్నది, కుటుంబం తనవంతు ఎంత పెట్టింది అని అడిగితే అనుమానించినట్లు కాదు. సొమ్ము నేరుగా ఆసుపత్రికి చేరుట మేలు. వాణిజ్య బీమాపై ఉలమాలలో భేదాభిప్రాయం ఉన్న మాట నిజమే. అది వద్దనుకునేవారు తకాఫుల్ చూసుకోవాలి, లేదా చికిత్సకు సరిపడు ధనాన్ని వేరుగా ఉంచుకోవాలి. రెండూ చేయక విమానమెక్కుటను తవక్కుల్ అనరాదు. రోగి కోలుకున్నాక మిగిలిన చందా ఇంటివారి సొత్తు కాదు, ఇచ్చినవారిని అడిగి వారు చెప్పినట్లు చేయాలి.