భిక్షాహార నియమాలు (బౌద్ధం)

భిక్షాహార నియమాలు జంతువుల నుంచి, మొక్కల నుంచి వచ్చే ఆహారాన్ని బౌద్ధ భిక్షువు ఏ షరతులతో స్వీకరించవచ్చో నిర్ణయించే వినయ (సంఘ నియమావళి) విధులు. పల్నాడు జిల్లాలోని అమరావతి (ప్రాచీన ధాన్యకటకం) మహాస్తూపం వద్ద మహాసాంఘికుల శాఖ అయిన చైత్యకులు ఉండేవారని శాసనాలు తెలుపుతున్నాయి. ఇలాంటి విధులున్న వారి మాతృశాఖ గ్రంథమైన మహాసాంఘిక వినయం 416-418 మధ్య చైనా భాషలోకి అనువాదమైంది.

మాంసం పూర్తిగా నిషిద్ధం కాదు. తన కోసమే చంపారని చూడనిది, విననిది, అనుమానించనిది అయితే భిక్షువు తినవచ్చు. ఇది త్రికోటి పరిశుద్ధి. మాంసం, చేపలు సంఘమంతా మానాలన్న భిక్షువు దేవదత్తుని కోరికను బుద్ధుడు అంగీకరించలేదని పాలి వినయం చెబుతుంది. మనిషి, ఏనుగు, గుర్రం, కుక్క, పాము, సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, దుమ్ములగొండి మాంసాలను మాత్రం అది నిషేధించింది.

అంతగా ప్రచారంలో లేకున్నా, మొక్కలపై విధులు మరింత సూక్ష్మమైనవి. వేరు, కాండం, కణుపు, కొన, విత్తనం అనే అయిదింటిలో దేని నుంచి మొలిచిన మొక్కనైనా భిక్షువు తెంచితే అది దోషం (పాలి వినయంలోని పాచిత్తియ, అంటే ఒప్పుకోవలసిన దోషాల, నియమాల్లో 11వది). మొలకెత్తగల గింజ ఉన్న పండును మరొకరు నిప్పు, కత్తి లేదా గోటితో గుర్తుపెట్టి ‘కప్పియం’ (భిక్షువుకు తగినది) చేశాకే తినాలి.

తరువాతి మహాయాన గ్రంథమైన లంకావతార సూత్రం త్రికోటి మినహాయింపునూ తోసిపుచ్చి, మాంసాన్ని పూర్తిగా నిషేధించింది.