చిరుత చేప, రస్సెల్ దొర, మా నాన్న

"చేప ఏదిరా?" అన్నాడు నాన్న, అద్దాల తొట్టి ముందు నిలబడి.

"ఇసుకల ఉంది నాన్నా."

"ఇసుకల ఏం జేస్తది? చేప నీళ్ళల్ల గదా ఉండేది. గింత పైసలు వెట్టి ఇసుక కొన్నవా ఏంది?"

నాన్న ప్రశ్నలో తప్పేం లేదు. తొట్టిలో రాళ్ళు, ఇసుక, నీళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. అప్పటికి రెండో రోజు.

కరోనా పుణ్యమా అని 2020లో ల్యాప్‌టాప్‌తో సహా హైదరాబాదు నుంచి మిర్యాలగూడ వచ్చి పడ్డాను. పొద్దున స్టాండప్ కాల్, సాయంత్రం రైస్ మిల్లు పొగ చూస్తూ డాబా మీద నడక. ఆ రోజుల్లో అంటుకున్న పిచ్చి ఈ ఉప్పునీళ్ళ అక్వేరియం. మా ఊరికి సముద్రం 150 కిలోమీటర్లకు పైనే. ఎండాకాలం వస్తే మనుషులే ఉడికిపోతారు. పైగా మాది నల్లగొండ జిల్లా, నీళ్ళంటేనే ఫ్లోరైడ్ గుర్తొచ్చే జిల్లా. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేసే ఒక పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని మా జిల్లా పేరే పెట్టారంటే అర్థం చేసుకోండి. అలాంటి చోట బోరు నీళ్ళని ఆర్వోలో వడగట్టి, అందులో ఉన్నవన్నీ తీసేసి, మళ్ళీ లీటరుకి 35 గ్రాముల లెక్కన ఉప్పు మిశ్రమం కలిపి, 26 డిగ్రీల దగ్గర నిలబెట్టడం! కరెంటు పోతే ఇన్వర్టరు ముందు నా రౌటరుకి కాదు, తొట్టి పంపుకి. ఇంట్లో అమ్మ దీన్ని "ఉప్పు వ్యాపారం" అనేది.

ఇంతకీ ఇసుకలో ఉన్న చేప లెపర్డ్ రాస్. శాస్త్రీయ నామం మాక్రోఫారింగోడాన్ మెలియాగ్రిస్. ఒళ్ళంతా మచ్చలు. వ్యాపారులకి చిరుతపులి గుర్తొచ్చింది కాబట్టి లెపర్డ్ అన్నారు. 1839లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త వలెన్సియెన్ పెట్టిన పేరు మాత్రం మెలియాగ్రిస్, అంటే గిన్నికోడి. ఒకే మచ్చలు, ఒకరికి పులి, ఒకరికి కోడి! ఇది రాత్రయితే ఇసుకలో దూరి పడుకుంటుంది, భయమేసినా దూరుతుంది. గొంతులో పెద్ద దంతాలుంటాయి, ఇసుకలోని సన్నటి గుల్లజీవుల్ని వాటితో నలిపి తింటుంది. మొదట ఆడచేపగా పెరిగి, తర్వాత అవసరాన్ని బట్టి మగచేపగా మారుతుంది. కొత్త తొట్టిలో వేస్తే రోజుల తరబడి ఇసుకలోనే ఉండిపోవచ్చు. తన సముద్రంలో ఎప్పుడు పొద్దుగూకుతుందో ఆ గడియారాన్నే కొన్నాళ్ళు మోస్తుంది అంటారు అనుభవం ఉన్నవాళ్ళు.

ఇవన్నీ నేను చదివే కొన్నాను. అయినా మూడోరోజు ఉండబట్టలేకపోయాను. ప్రోగ్రాం కదలకపోతే చంపి మళ్ళీ మొదలుపెట్టే వృత్తి కదా నాది. ప్లాస్టిక్ గరిటెతో ఇసుక మెల్లగా కెలికాను. చేప బతికే ఉంది. బాణంలా పైకి లేచి రాయికి కొట్టుకుంది. మర్నాటికి పోయింది. నాన్న ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఆ తర్వాత కొన్ని నెలలు తొట్టిలో కొత్త చేప వెయ్యలేదు. అసలు సముద్రంలో ఉండాల్సినదాన్ని ఇంట్లో పెట్టుకోవాలన్న ఆలోచన మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చింది అని చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికినవే ఇవన్నీ.

"అక్వేరియం" అన్న మాటని ఇప్పటి అర్థంలో జనంలోకి తెచ్చినవాడు ఫిలిప్ హెన్రీ గోస్ అనే ఇంగ్లీషాయన. 1853లో లండన్ జూలో చేపల గది తెరిచారు. 1854లో గోస్ "ది అక్వేరియం" అనే పుస్తకం వేశాడు. ఇంక చూడండి, కలిగినవాళ్ళంతా గంపలు పట్టుకుని సముద్రపు ఒడ్డున పడ్డారు. ఆయన కొడుకు ఎడ్మండ్ గోస్ 1907లో రాసిన "ఫాదర్ అండ్ సన్"లో ఈ సంగతి చెబుతూ బాధపడతాడు. తన చిన్నప్పుడు నిండుగా ఉన్న రాతిగుంటలు తండ్రి పుస్తకాల పుణ్యాన ఖాళీ అయిపోయాయట. తండ్రి ప్రేమతోనే రాశాడు, ఆ ప్రేమే ఒడ్డుని ఊడ్చేసింది.

అన్నట్టు, ఈ ఎడ్మండ్ గోస్ మనకు పరాయివాడేం కాదు. హైదరాబాదు నుంచి చదువుకోడానికి లండన్ వెళ్ళిన సరోజినికి (అప్పటికింకా నాయుడు కాలేదు) ఇంగ్లీషు పిట్టల మీద కవిత్వం మానేసి మీ దేశం గురించి రాయమ్మా అని చెప్పింది ఈయనే. 1912లో ఆమె "ది బర్డ్ ఆఫ్ టైమ్" పుస్తకానికి ముందుమాట కూడా రాశాడు. ఒకచోటిదాన్ని పీకి ఇంకోచోట పెడితే ఏమవుతుందో చిన్నప్పుడే చూసినవాడు కాబట్టి ఆ సలహా ఇచ్చాడేమో అని నాకో ఊహ. ఊహే లెండి.

మన వైపుకొస్తే, మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో అక్వేరియం తెరిచారు. మద్రాసు మ్యూజియం చూసుకునే ఎడ్గర్ థర్‌స్టన్ చలవ అది. కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినాయనే. అప్పట్లో కోస్తా జిల్లాలన్నీ మద్రాసు కిందివే కాబట్టి పట్నం చూడ్డానికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అద్దం వెనకాల సముద్రపు చేపని మొదట చూసింది అక్కడే అయ్యుంటుంది. 1942లో జపాను బాంబుల భయంతో మూసేశారు. 

అయితే నన్ను బాగా పట్టేసింది వీళ్ళెవరూ కాదు, పాట్రిక్ రస్సెల్. రక్తపింజరికి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరుంది చూశారూ, ఆ రస్సెల్. స్కాట్లండు డాక్టరు. 1780లలో తమ్ముడి ఉద్యోగం వల్ల విశాఖపట్నం వచ్చి, 1785లో కంపెనీ వారి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. పాముల మీద చేసిన పని అందరికీ తెలుసు. చేపల మీద చేసింది తక్కువమందికి తెలుసు. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చయ్యాయి. ఆ బొమ్మల పక్కన ఆయన రాసిన పేర్లు ఏమిటనుకున్నారు? తెలుగు పేర్లు! జాలరులు ఏమని పిలిస్తే దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. పారిస్‌లో కూర్చున్న కువియే ఆ పుస్తకం ముందు పెట్టుకుని శాస్త్రీయ నామాలు ఇచ్చాడు. కోస్తా బజార్లలో అమ్మే కనగర్త (కానాగంత అని కూడా అంటారు) ప్రపంచమంతటికీ రాస్ట్రెల్లిజర్ కనగుర్త అయింది. కీలుపోత నుంచి టెరాపాన్ పూటా వచ్చింది. జపాను ప్రొఫెసరైనా బ్రెజిల్ విద్యార్థి అయినా కానాగంత గురించి రాయాలంటే తెలుగు మాట రాయాల్సిందే.

మా కృష్ణ ఒడ్డువాళ్ళకి బాగా తెలిసిన వాలుగ కూడా ఈ దారినే వెళ్ళింది. వాలుగ జాతికి 1851లో "వల్లాగో" అని పేరు స్థిరం చేసింది పీటర్ బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, పని చేస్తూ వేల చేపలు పరిశీలించాడు. నా లెపర్డ్ రాస్ జాతికి మాక్రోఫారింగోడాన్ అని 1862లో పేరు పెట్టింది కూడా ఇదే బ్లీకర్! ఇది చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. వాడపల్లి దగ్గర కృష్ణా మూసీ కలిసే చోట దొరికి మా ఇంట్లో పులుసయ్యే చేప, నా తొట్టిలో చచ్చిపోయిన చేప, రెండూ ఒకే మనిషి చిట్టాలో ఉన్నాయి. ఇంకో వింత ఏమిటంటే సజీవమైన రాళ్ళతో ఇంట్లో చిన్న పగడపు దిబ్బ పెంచే పద్ధతిని 1961లో ప్రపంచానికి పరిచయం చేసిన లీ చిన్ ఎంగ్ కూడా జకార్తా ఆయనే.

సరే, ఈ చరిత్రంతా ఎందుకు చెప్తున్నానంటే...

రస్సెల్ కంపెనీ మనిషే. ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యాలని నాకేం లేదు. చేప దొరికిన ఊరు, పట్టినవాళ్ళు పిలిచే పేరు ఆయన పుస్తకంలో మిగిలాయి. పట్టినవాళ్ళ పేర్లు మాత్రం శాస్త్రీయ నామాల పక్కన ఎక్కడా లేవు, అక్కడ కువియే ఉంటాడు. సగం న్యాయం జరిగింది. మరి రెండు వందల ఏళ్ళ తర్వాత నాకు ప్లాస్టిక్ సంచీలో వచ్చిన చేప సంగతేమిటి? దుకాణం వాడు రాసింది "లెపర్డ్, 1". ఏ సముద్రం? ఎవరు పట్టారు? వలతోనా, మందుతోనా? 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన సైనైడ్ పద్ధతి గురించి చదివితే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుస్తుంది. రాళ్ళ సందుల్లోకి విషం చిమ్మితే చేప మత్తుగా బయటికొస్తుంది, చుట్టూ ఉన్న పగడం చస్తుంది. మత్తు దిగిన చేప దూరదేశంలో ఎవడి తొట్టిలోనో కారణం తెలియకుండా పోతుంది. నేను అడగలేదు. ధర అడిగాను, సైజు అడిగాను, ఊరు అడగలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను మార్చినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని నమోదు చేస్తాం. ప్రాణమున్నదానికి ఆ పాటి చరిత్ర అక్కర్లేదా?

మన దేశంలో పగడాల విషయంలో చట్టం ఉంది. 2001లో గట్టి పగడాలన్నిటినీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా, చేర్చారు. అందుకే నా తొట్టిలో ఉన్నవి తయారుచేసిన రాళ్ళు, పగడం ముక్క ఒక్కటీ లేదు. దాన్ని రీఫ్ ట్యాంకు అనడానికి నాకే మొహమాటం. చేపల విషయంలో మాత్రం అడిగేవాడు మనమే.

రెండోసారి అడిగాను. ముగ్గురు దుకాణాల వాళ్ళు విసుక్కున్నారు. నాలుగో ఆయన ఏ దేశం, ఎప్పుడొచ్చింది, ఏం తింటోంది అన్నీ చెప్పి, కళ్ళముందు తినిపించి చూపించాడు. తెచ్చి వేశాను. క్షణంలో ఇసుకలోకి. ఈసారి గరిటె నాన్న చేతికిచ్చి దాచెయ్యమన్నాను.

తొమ్మిదో రోజు పొద్దున కాల్‌లో ఉండగా నాన్న తలుపు దగ్గరికొచ్చి సైగ చేశాడు. మ్యూట్ చేసి వెళ్ళాను. ఇసుకలోంచి తల, ఒక కన్ను. అటూ ఇటూ చూసి మెల్లగా లేచి రాళ్ళ మధ్య తిరిగింది. ఇద్దరం ఊపిరి బిగపట్టి నిలబడ్డాం.

అది ఇప్పటికీ ఉంది. దాని తర్వాత ఇంకోటి తేను, అది మాత్రం నిర్ణయించుకున్నాను. ఎవరినీ తేవద్దని చెప్పే అర్హత నాకు లేదు. తెచ్చేవాళ్ళు ఊరు అడిగి తెచ్చుకోండి, అంతే.

ఆ సాయంత్రం నాన్నకి రస్సెల్ కథ చెప్పాను, బ్లీకర్ అనే ఆయన వాలుగకి పేరు పెట్టాడని. నాన్న నవ్వాడు.

"వాలుగకు ఆయన పేరు వెట్టేదేంది? మనమే వెట్టినం గదా. ఆయన రాసుకున్నడు, అంతే."