గడియారం ముందు గురి

కత్తిసాములో ఒక పరీక్ష ఉంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద సొరకాయ పెడతారు. సాము చేసేవాడి కళ్లకు గంతలు కడతారు. ఒక్క వేటుకు కాయ రెండు చెక్కలవ్వాలి, కింద ఒంటి మీద గీత కూడా పడకూడదు. వస్తాదు దగ్గర ఏళ్ల తరబడి సాము చేసినవాడి చేతికే ఆ కత్తి దక్కేది. ఆయుధం ఎత్తడం ఎవరికైనా వస్తుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలిసిందా లేదా అన్నది అక్కడ తేలుతుంది. ఆత్మరక్షణకు పిస్టల్ పట్టడం నేర్పే బడులు వందేళ్లుగా వెతుకుతున్నదీ ఇలాంటి పరీక్ష కోసమే.

పల్నాడులో ఆయుధానికి పూజ ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లలో, 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధవీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలను ఆచారవంతులు నాగులేటిలో కడిగి వీర్లగుడికి మోసుకొస్తారు. తుపాకీ మాత్రం ఇక్కడి జనానికి సర్కారు చేతిలోని వస్తువుగానే పరిచయమైంది. 1878 నాటి ఆయుధ చట్టం లైసెన్సు లేనివాడికి తుపాకీని దూరం చేసింది. 1922 ఫిబ్రవరి 22న, అడవిలో పశువుల మేతకు సర్కారు అడిగిన పుల్లరి పన్ను కట్టేది లేదని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు మించాలపాడులో పోలీసు తూటాలకు నేలకొరిగాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఊరి కక్షల్లో జనం భయపడింది వేటకొడవళ్లకు, నాటుబాంబులకు. లైసెన్సు రివాల్వర్ ఏ కొందరి ఇళ్లలోనో ఉంటుంది. ఎన్నికలొస్తే దాన్ని పోలీస్ స్టేషన్లో జమచేసి, అవి ముగిశాక తెచ్చుకుంటారు. కొన్నవాడికి దాన్ని కాల్చడం వచ్చా అని మాత్రం చట్టం చాలాకాలం అడగలేదు.

అడిగినవాళ్లు మొదట షాంఘైలో కనిపిస్తారు. అక్కడి అంతర్జాతీయ కాలనీ పోలీసు దళంలో బ్రిటిష్ అధికారులతో పాటు చైనా వాళ్లు, మన పంజాబు నుంచి వెళ్లిన సిక్కు కానిస్టేబుళ్లు పనిచేసేవారు. 1907లో ఆ దళంలో చేరిన విలియం ఫెయిర్‌బెయిర్న్ చూసిందేమిటంటే, పోలీసులకు నేర్పే కాల్పులకూ వీధిలో జరిగే కాల్పులకూ పొంతన లేదు. నేర్పేటప్పుడు పట్టపగలు, కదలని గురిబల్ల, తీరుబడిగా చాచిన చెయ్యి. వీధిలో చీకటి, ఇరుకు సందు, నాలుగడుగుల దూరంలో దొంగ. ఆయన, సహచరుడు ఎరిక్ సైక్స్ కలిసి తమ దళానికి పన్నెండేళ్ల పైచిలుకు కాలంలో ఎదురైన 666 సాయుధ ఘర్షణల అనుభవాన్ని ఆధారం చేసుకుని శిక్షణను మొదటినుంచీ తిరగరాశారు. మసక వెలుతురు మెట్లు, ఉన్నట్టుండి పైకి లేచే బొమ్మలు ఉన్న ఒక ఇల్లు కట్టి, అందులోకి మనిషిని ఒంటరిగా పంపేవారు. 1942లో ఈ పద్ధతిని పుస్తకంగా అచ్చువేశారు. నా దృష్టిలో పిస్టల్ బడికి అసలు పునాది ఆ ఇల్లే.

ఆ తరహా శిక్షణను పోలీసుల చేతినుంచి మామూలు పౌరుడి దాకా తెచ్చింది జెఫ్ కూపర్ అనే అమెరికన్ మాజీ సైనికాధికారి. 1950ల చివర్లో కాలిఫోర్నియా కొండల్లోని బిగ్ బేర్ దగ్గర ఆయన పిస్టల్ కాల్పుల పందేలు నడిపాడు. చాలామంది సినిమా కౌబాయ్‌ల్లా నడుము దగ్గరనుంచే కాల్చేవారు. జాక్ వీవర్ అనే పోలీసు డిప్యూటీ ఒక్కడే రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకు తెచ్చి, గురి చూసి కాల్చాడు, గెలిచాడు. కూపర్ ఆ పట్టునే పాఠం చేశాడు. 1976లో అరిజోనా రాష్ట్రంలోని పాల్డెన్ వద్ద బడి పెట్టాడు. తర్వాత గన్‌సైట్‌గా పేరు పొందింది అదే. నాలుగు నియమాలు అక్కడ బలంగా పాతుకున్నాయి: ఏ తుపాకీ అయినా తూటాలతో నిండే ఉందనుకోవాలి, నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు, కాల్చబోయేది ఏమిటో, దాని వెనుక ఏముందో తెలిసి ఉండాలి.

కూపర్ రూపొందించిన పరీక్షల్లో పేరు మోసింది ‘ఎల్ ప్రెసిడెంటే’. పది గజాల దూరంలో, మీటరేసి ఎడంతో మూడు బొమ్మలు. వాటికి వీపు చూపించి నిలబడాలి. సంకేతం రాగానే తిరిగి, ఒరలోంచి పిస్టల్ తీసి, ఒక్కోదానికి రెండేసి తూటాలు. మ్యాగజైన్ మార్చి మళ్లీ రెండేసి. అంతా పది సెకన్లలో.

తర్వాతి తరంలో టాడ్ గ్రీన్ పెట్టిన ‘ఫాస్ట్’ పరీక్ష నాకు ఇంకా లోతైనదిగా తోస్తుంది. దూరం ఏడు గజాలే, తూటాలు ఆరే. మొదటి రెండూ మూడంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవున్న కార్డులో పడాలి. మ్యాగజైన్ మార్చాక మిగతా నాలుగూ ఎనిమిది అంగుళాల వలయంలో. కార్డు తప్పితే రెండు సెకన్లు, వలయం తప్పితే ఒక సెకను కలుపుతారు. మొత్తం అయిదు సెకన్లలోపు ముగిస్తేనే నిపుణుడు. చిన్న కార్డు దగ్గర ఓపిక పట్టాలి, పెద్ద వలయం దగ్గర వేగం అందుకోవాలి. ఒకే శ్వాసలో తన వేగాన్ని రెండు రకాలుగా నడపగలడా అన్నదే ఇందులో అసలు ప్రశ్న. జార్జియా రాష్ట్రంలో బిల్ రోజర్స్ బడి పరీక్ష మరో తరహా. అక్కడ ఇనుప రేకులు కొన్ని అర సెకను మాత్రమే కనిపించి మాయమవుతాయి. 125కు 110 పడగొడితే పైస్థాయి.

ఈ గడియారాలు కొలవలేనిది ఒకటుంది, ఎప్పుడు కాల్చకూడదన్నది. మన చట్టం దాన్నే మొదట పట్టుకుంది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటాయి గానీ, రక్షణకు అవసరమైనంత కంటే ఎక్కువ హాని చేయడానికి ఆ హక్కు చెల్లదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సు అడిగేవాడు భద్రతా శిక్షణ పొందినట్టు ఎస్-1 ధ్రువపత్రం తేవాలన్నాయి. ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టడం, దాచడం, మోయడం, కాల్చే పద్ధతి ఆ శిక్షణలో ఉంటాయి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, పండగల్లో సరదా కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వచ్చాయి.

మంచి అడుగులే. కానీ ఒకసారి నేర్చిన చెయ్యి సాధన లేకపోతే అయిదేళ్లలో మరిచిపోతుంది. రెన్యువల్‌కు వచ్చే ప్రతి ఒక్కరికీ జిల్లా పోలీసుల కాల్పుల మైదానంలో ఒక పరీక్ష పెట్టాలని నా గట్టి కోరిక. ఏడు గజాల దూరంలో ఒక కార్డు, దాని పక్కనే పిల్లవాణ్ని ఎత్తుకున్న తల్లి బొమ్మ. కార్డు తప్పినవాడికి మరో రెండు అవకాశాలు ఇవ్వొచ్చు. తూటా తల్లి బొమ్మకు తగిలితే మాత్రం, మళ్లీ శిక్షణ పొంది నెగ్గేదాకా రివాల్వర్ స్టేషన్లోనే ఉండాలి.