రోగి ముందుగా చెప్పిన మాట

1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో వ్యాధి తీవ్రముగా ప్రబలెను. ఊపిరి తీయు కండరములు చచ్చుబడిన రోగులు ఎందరో బ్లెగ్డామ్ ఆసుపత్రికి వచ్చుచుండిరి. శ్వాసయంత్రములు మాత్రము బహు కొద్ది. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు రోగి గొంతు వద్ద శ్వాసనాళమునకు రంధ్రము చేయించి, గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలిని పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. తరువాత ఈ పనిని యంత్రములు చేయసాగినవి.

ప్రాణములు నిలిపిన ఈ యంత్రమే ఒక చిక్కును తెచ్చిపెట్టెను. మెదడు కోలుకొనలేనంతగా చెడినను, గాలి అందినంత కాలము గుండె కొట్టుకొనుచుండవచ్చును. అపుడు చికిత్సను ఎంతవరకు సాగించవలెను? చెప్పవలసిన రోగి నోరు విప్పలేడు. 1969లో అమెరికా న్యాయవాది లూయిస్ కట్నర్ 'లివింగ్ విల్' అను పత్రమును ప్రతిపాదించెను. మామూలు వీలునామా మనిషి పోయిన తరువాత అమలగును; ఇది ఆతడు బ్రతికియుండి మాటాడలేనపుడు అమలు కావలసినది. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రము దీనికి చట్టబద్ధత కల్పించెను.

మరి వ్రాయక, నోటితో చెప్పిన మాట సంగతి యేమి? 1983 జనవరిలో మిస్సోరీ రాష్ట్రమున నాన్సీ క్రూజన్ అను యువతి కారు ప్రమాదములో మెదడుకు ప్రాణవాయువు అందక శాశ్వతముగా స్పృహ కోల్పోయెను. ఆమె ఊపిరి తానే పీల్చుచుండెను. ఆహారము మాత్రము గొట్టము ద్వారా అందుచుండెను. కొన్నియేండ్ల తరువాత తలిదండ్రులు ఆ గొట్టమును తీసివేయుడని కోరిరి. సగమైనను మామూలుగా జీవింపలేనిచో బ్రతుకుట తనకిష్టము లేదని ఆమె ఒకప్పుడు స్నేహితురాలితో అనియుండెను. ఆ సాక్ష్యము చాలదని రాష్ట్ర న్యాయస్థానము త్రోసివేసెను. స్పష్టమైన సాక్ష్యమును కోరు అధికారము రాష్ట్రమునకు కలదని 1990 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యముతో తీర్పు చెప్పెను. పిమ్మట మరికొందరు పాత మిత్రులు వచ్చి సాక్ష్యమిచ్చిన మీదట అనుమతి లభించెను. ఆ డిసెంబరు 26న ఆమె మరణించెను. ఇరువదియైదేండ్ల వయస్సులో ప్రమాదమునకు గురియైన మనిషి, అంతకు ముందే ఇట్టి కాగితము వ్రాసి పెట్టుకొనకపోవుట వింత కాదు.

భారతదేశమున ఇట్టి పత్రము చెల్లునని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చెను. అయితే మేజిస్ట్రేటు సంతకము కావలెనను నియమము ఆచరణలో పెద్ద అడ్డంకి అయ్యెను. 2023 జనవరిలో దానిని సడలించిరి: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన చాలును. కోలుకొను ఆశ లేదని వైద్యమండలులు నిర్ధారించినపుడే అది అమలగును.

మన ఇండ్లలో పెద్దవారు చావు మాట ఎత్తగనే 'ఆ అపశకునపు మాటలెందుకు' అని వారింతురు. కాని తన బదులు నిర్ణయము చెప్పవలసిన వారి పేర్లు పత్రమున వ్రాసి, ప్రతిని వారికి అందజేయవలెనని న్యాయస్థానమే నియమించుటచే, ఆ మాట ఇంటిలో ఎత్తక తప్పదు.