అయిదు హెచ్‌పీ ఆయిల్ ఇంజను

గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కోనసీమకు కాలవలొచ్చాయి గానీ, నది నడుమ లంకలకు కాలవ నీరు ఎక్కదు కదా! రావులపాలెం చుట్టుపక్కల లంకల్లో అరటి తోటలు బోర్లనే నమ్ముకున్నాయి. కరెంటు లేని చోట ఆ బోర్లకు దిక్కు ఆయిల్ ఇంజనే.

డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ కొడితే ఇంజను తేలిగ్గానే తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివర్ వదిలితే ఒక్క క్షణం బిగుసుకుని, ఢబ్బుమని అందుకుంటుంది. ఆ బిగువే కంప్రెషన్.

1876లో జర్మనీకి చెందిన ఒట్టో చేసిన నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఈ బిగువు రెండున్నర రెట్లే. గాలీ ఇంధనమూ కలిపి నొక్కేవాడు. ఇంకా నొక్కితే వేళకు ముందే అంటుకునే ప్రమాదం. రుడాల్ఫ్ డీజిల్ ఉత్త గాలినే నొక్కి, అది కాగాక ఇంధనం చల్లాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిచిన ఆయన ఇంజను ఇంధనంలోని శక్తిలో 26 శాతం పని చేసి చూపింది. ఆనాటి ఆవిరి యంత్రాలకు అది అందని మాట.

మన దేశంలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వారి ఏవీ1 మోడల్ చూడండి. పిస్టన్ తుడిచే జాగా 553 సీసీ, పైన మిగిలేది సుమారు 36. ఈ రెండు జాగాల గాలీ ఆ 36లోకే నొక్కుకుంటుంది, అంటే కంప్రెషన్ దాదాపు పదహారున్నర రెట్లు. కంప్రెషన్ పెంచితే అదే డీజిల్‌కు ఎక్కువ పని దక్కుతుంది. పదిహేను దాటాక మాత్రం లాభం సన్నగిల్లుతుంది. ఇక హెచ్‌పీ లెక్క తేల్చడంలో సీసీకీ, వేగానికీ పెద్ద వాటా.

రుడాల్ఫ్ డీజిల్ 1897 నాటి ఇంజను 19.6 లీటర్లు, నిమిషానికి 154 చుట్లు, దాదాపు 18 హెచ్‌పీ. ఏవీ1 అరలీటరు పైచిలుకు, 1500 చుట్లు, అయిదు హెచ్‌పీ. సైజు 35 రెట్లు తగ్గింది, వేగం పది రెట్లు పెరిగింది, హెచ్‌పీ మూడున్నర రెట్లే తగ్గింది. లెక్క అచ్చంగా సరిపోయింది! అందుకే సీసీ ఒక్కటే చూసి ఇంజను సత్తా చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

పాత ఇంజను బేరమాడుతుంటే పంపుకు డీజిల్ కట్టేసి, లివర్ ఎత్తకుండా హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. గట్టిగా ఎదురు తన్నకపోతే సిలిండరు అరిగి ఇంజను బోరుకొచ్చి ఉండొచ్చు. రింగులకూ లైనరుకూ అయ్యే ఖర్చు ధరలో తగ్గించమనండి.